తడిసిన ఒక్క బస్త

మిర్యాలగూడ బైపాస్ మీద
రైస్‌మిల్లు వేబ్రిడ్జి గదిల నాది రాత్రి డ్యూటీ.
లారీ ఎక్కుతది, అంకె నిలబడుతది, చీటీ చింపి ఇస్త.
లారీకీ లారీకీ నడుమ
నల్ల తెర మీద తెల్లక్షరాలు కొట్టుకుంట కూసుంట.

ఎవల సొంతమూ గాని ప్రోగ్రాం అది.
బొమ్మలుండవు, బటన్లుండవు.
ఒక్క వరుస రాసి ఎంటర్ కొడితే
ఎక్కడెక్కడి సర్వర్ల నుంచో ఫైలు దించి పెడతది.
అంత ఒక్కసారి దించదు, ముక్కలు ముక్కలుగ.
నిడమనూరు వడ్లు ముందొస్తయి,
హాలియా వడ్లు టైరు పేలి ఆగుతయి,
త్రిపురారం లారీ ఇంక కల్లం దాటనే లేదు.
అన్నీ వచ్చినంక కుప్ప ఒక్కటే.

దాని జబ్బు చెప్త ఇనుండ్రి.
ఆఖరుకు మొత్తం తూకమేసి
లెక్కల ఒక్క అక్షరం తేడా వస్తే
నాలుగు జీబీలూ పారబోసి
సున్నా కాడ మొదలుపెడతది.
తెల్లారగట్ల త్రీఫేజు మారంగనే
మా టవరు కండ్లు మూసి తెరుస్తది.
ఆ రెప్పపాటుల
తొంభై తొమ్మిది శాతం కాడ
ఒక్క ముక్క చెడుతది.
మా చెల్లె నర్సింగ్ పాఠాలు
మూడు రాత్రులు అట్లనే పోయినయి.
మూడో రాత్రి అది తిట్టింది
నన్ను, ప్రోగ్రాంను గాదు.

హమాలీ మేస్త్రి సైదులుకు ఇదంత చెప్పిన.
బీడీ ముట్టించుకుంట
"ఒక్క బస్త తడిస్తె
లారి మొత్తం ఎనక్కి తోలుతర్రా?
ఆ బస్త తీసి పక్కకేస్తరు గాని" అన్నడు.
నుసి దులిపి లోడు కాడికి పోయిండు.

పదకొండు రాత్రులు పట్టింది.
ముక్కకొక చీటీ, దిగంగనే తూకం,
తప్పితే ఆ ముక్కనే మళ్ల.
అరవై రెండు వరుసలు తీసేసిన, పందొమ్మిది చేర్చిన.
తీసేసిన కాడనే పానం పోయింది.

మార్పు చూసెటాయన ఏ దేశపోడో,
నోరు తిరగని పేరు.
"మళ్ల అడిగే ముందు నలభై సెకన్లెందుకు? మూడు చాలదా?"
అని రాసిండు.
ఏం చెప్పాలె?
సబ్‌స్టేషన్ల ముత్తిలింగం హ్యాండిల్ దించి ఎత్తినంక
నలభై లెక్కపెడితే గాని
మా ఫ్యాను రెక్క కదలదని?
అదే రాసిన.
రెండు దినాలు సప్పుడు లేదు.
అటెంక ఒప్పుకున్నడు: ఎవలకెంత గావాలో అంత పెట్టుకోవచ్చు,
ఏం పెట్టకపోతే మూడు.
లోకానికి మూడు. మాకు నలభై.

సాయం చేసినోళ్ల పేరు మార్పు కింద రాసే అలవాటున్నది.
సైదులు పేరు రాసిన.
పక్కన మెయిల్ లేకుంటే పేరు తీసుకోదది.
సైదులుకు మెయిలెక్కడిది,
మిల్లు బిల్లుల మెయిలే పెట్టిన.
ఇప్పుడు ఊక ధర, నూకల ధర అడిగెటోళ్ల నడుమ
ఎవలో ఒకలు రాస్తనే ఉంటరు:
"సైదులు గారూ, మీ ఆలోచన మాకు పనికొచ్చింది."
మా గుమాస్తా అవన్నీ చెరిపేస్తడు.

కొత్త వెర్షన్ వచ్చిననాడు
మార్పుల జాబితాల ఒకటే వరుస:
'చెడిన ముక్కను మాత్రమే తిరిగి తెచ్చును.'
సదివి ఇనిపించిన.
"గదే గద నేనన్నది" అన్నడు సైదులు.

ఆ పొద్దుననే
వేములపల్లి ట్రాక్టరును మొత్తానికి మొత్తం ఎనక్కి పంపిండ్రు,
తేమ పందొమ్మిదట.
మీది వరుస బస్తలే తడిసినయి, నేను చూసిన.
సైదులు నా దిక్కు చూడలే.
రైతుకు టార్పాలిన్ తాడు బిగించి కట్టిచ్చి
ఖాళీ కాంట మీద జరసేపు ఉత్తగ నిలబడ్డడు.
మా కాంట పదేసి కిలోల లెక్కనే చూస్తది.
అరవై అని చూపిస్తుండె.
ఆ మీది మూడో నాలుగో కిలోల సైదులు
ఏ చీటీలకూ ఎక్కడు.